గెలిస్తే మనం, ఓడితే వాడు

అమెరికాలో ఆగస్టు చివర మొదలుకొని డిసెంబరు దాకా ప్రతి శనివారం లక్ష మంది కోచ్‌లు ఒకేచోట కూర్చుని, మైదానంలో జీతం తీసుకుంటున్న ఒక్క కోచ్‌కి పని నేర్పుతుంటారు. వీళ్లకి పైసా జీతం లేదు. పైగా టికెట్ కొనుక్కుని, పార్కింగుకి డబ్బు కట్టి, మొహాలకి రంగులు పూసుకుని మరీ వచ్చి నేర్పుతారు. వీళ్లలో పళ్ల డాక్టర్లుంటారు, ఇన్సూరెన్సు ఏజెంట్లుంటారు, బంతిని చివరిసారి హైస్కూల్లో పట్టుకున్నవాళ్లుంటారు, జన్మలో పట్టుకోనివాళ్లూ ఉంటారు. మిగతా లోకంలో ఏ ఇద్దరికీ పడకపోవచ్చు గానీ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట: ఇప్పుడు ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ పనికిరాడు, బెంచీ మీద కూర్చున్నవాడు బంగారం.

బెంచీ మీదివాడి గొప్పతనమల్లా వాడింకా ఆడకపోవడమే. ఆడనివాడు బంతి జారవిడవడు, తప్పుడు చోటికి విసరడు, మనసు విరిచెయ్యడు.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్లకి ఒక్క ముక్క. జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపూ దాదాపు ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ దగ్గరే మొదలవుతుంది. బంతి అందిన రెండు మూడు సెకన్లలో, నూటముప్పై కిలోల మనుషులు మీదికి ఉరుకుతుంటే, ముందుకు పరిగెత్తే సొంతవాళ్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. సరిగ్గా పడితే ఆహా. ఎదుటివాడు ఎగిరి పట్టేస్తే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు, ఆపైన ఇంకా చాలా అంటారు. ఇదంతా చేసేవాడి వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. ఆ వయసు కొడుక్కి కారు తాళాలివ్వడానికి తటపటాయించే తండ్రే, శనివారం వచ్చేసరికి రాష్ట్రం పరువంతా పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టి, జారవిడిచావో చూడు అని కేకేస్తాడు.

నార్మన్ సంగతి చూడండి. ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న ఊరది. 2021 సీజన్ మొదలయ్యేనాటికి అక్కడి క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ రాట్లర్ మామూలు మనిషి కాడు. ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ, అంటే దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి, అతనిదేనని పందెగాళ్ల లెక్క. ఆటగాళ్లు తమ పేరు, ముఖం అమ్ముకుని సంపాదించుకోవచ్చని రూలు మారింది కూడా ఆ జులైలోనే. ఒక డీలరు పిలిచి రెండు కార్లిచ్చాడు. ఊరంతా ఏనుగు మీద ఊరేగించినంత పని చేసింది.

సెప్టెంబరు 25న వెస్ట్ వర్జీనియాతో మ్యాచ్. మొదటి సగంలోనే రాట్లర్ విసిరిన బంతి ఒకటి ఎదుటివాళ్ల చేతిలో పడింది. అంతే, విద్యార్థుల గ్యాలరీ కేక అందుకుంది: మాకు కేలబ్ కావాలి, మాకు కేలబ్ కావాలి! కేలబ్ విలియమ్స్ అప్పటికి కాలేజీలో కాలు పెట్టి ఏడాది కూడా కానివాడు. రాట్లర్‌తో ఒకే క్లాసులో కూర్చునే పిల్లలే, అతనికి వినబడేంత గట్టిగా, అతని సొంత మైదానంలో, అతను హెల్మెట్ తగిలించుకుని నిలబడి ఉండగా పాడిన పాట ఇది.

ఆ మ్యాచ్ ఓడిపోయారేమోనని మీరు జాలిపడుతుంటే ఆగండి. ఓక్లహోమా 16-13తో గెలిచింది. ఆఖర్లో జట్టుని మైదానం పొడుగునా నడిపించి, చివరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టే చోటికి చేర్చినవాడు ఆ రాట్లరే. అప్పటికి ఆడిన నాలుగూ గెలిచారు. నాలుగుకి నాలుగు గెలిచినవాడికి ఇంత మర్యాద జరిగితే, నాలుగూ ఓడితే ఏం చేసేవారో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

రెండు వారాలకి డల్లాస్‌లో టెక్సస్‌తో పోరు. ఈ మ్యాచ్ టెక్సస్ స్టేట్ ఫెయిర్ నడుమ, కాటన్ బౌల్ స్టేడియంలో జరుగుతుంది. ఏభై గజాల గీత దగ్గర జనం సరిగ్గా సగానికి చీలి, ఇటు ముదురెరుపు, అటు ఇటుక ఛాయ నారింజ. బయట జనం వెన్నని కూడా పిండిలో ముంచి నూనెలో వేయించుకు తింటుంటారు. లోపల ఓక్లహోమా మొదటి క్వార్టర్ అయ్యేసరికే 28-7తో వెనకబడి వేగిపోయింది. రాట్లర్‌ని కూర్చోబెట్టి కేలబ్‌ని దించారు. 55-48తో గెలిచారు. ఆ రాత్రి ఓక్లహోమాలో ప్రతి సోఫా ఒక సింహాసనం. చెప్పామా లేదా అన్నారు. మ్యాచ్ గెలిచింది కేలబ్ కాదు, కేలబ్‌ని అడిగిన తాము!

ఇక అసలు కథ. నవంబరు 27 రాత్రి ఓక్లహోమా స్టేట్ చేతిలో ఓడాక, కోచ్ లింకన్ రైలీని విలేకరులు అడిగారు, మీరు ఎల్‌ఎస్‌యూకి, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి, వెళ్తున్నారటగా అని. వెళ్లడం లేదన్నాడు. పెద్దమనిషి మాట తప్పలేదు. మర్నాడు ఎల్‌ఎస్‌యూకి కాకుండా సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. డిసెంబరులో రాట్లర్ సౌత్ కెరొలైనాకి వెళ్తున్నానన్నాడు. సరే, పీడ విరగడైంది, మనకి కేలబ్ ఉన్నాడుగా అనుకున్నారు. ఫిబ్రవరి మొదటి తేదీన కేలబ్ కూడా కోచ్ వెనకే కాలిఫోర్నియా చెక్కేశాడు. గొంతులు పగిలేలా అడిగి తెచ్చుకున్న దేవుడు ఒక్క సీజన్ కూడా పూర్తిగా కొలువుండకుండా గుడి మార్చేశాడు. 2022లో అతను హైస్మన్ ఎత్తుకున్నాడు, లాస్ ఏంజెలెస్ జట్టుకి ఆడి. అదే ఏడాది ఓక్లహోమా టెక్సస్ చేతిలో 49-0తో ఓడింది. సీజన్ మొత్తానికి ఆరు గెలుపులు, ఏడు ఓటములు.

మరి పనికిరాని రాట్లర్? 2022 నవంబరు 19న ఐదో ర్యాంకులో ఉన్న టెనసీ మీద 438 గజాలు విసిరి, ఆరు టచ్‌డౌన్లు వేయించి, 63-38తో వాళ్ల జాతీయ ఆశలకి పాడె కట్టాడు. మరుసటి వారం క్లెమ్సన్‌ని వాళ్ల సొంతగడ్డ మీద 31-30తో ఓడించాడు. అంతకుముందు క్లెమ్సన్ ఇంట్లో వరసగా 40 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆ రోజు క్లెమ్సన్‌కి ఆడిన క్వార్టర్‌బ్యాక్ డీజే ఉయాంగలెలేయి. వారం తిరిగేసరికి అతన్నీ బెంచీ మీద కూర్చోబెట్టారు, అతనూ ఆరెగన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. రాట్లర్‌ని తరిమిన సెగలో పడి ఇంకొకడు కూడా మూట సర్దుకున్నాడన్నమాట. అప్పుడు ఓక్లహోమాలో ఏమన్నారో తెలుసా? ఎంతైనా మన దగ్గర తయారైన కుర్రాడు కదా అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు.

నార్మన్‌ది చిన్న కోపం. పెద్ద కోపం చూడాలంటే కొలంబస్ వెళ్లాలి.

అక్కడి ఓహయో స్టేట్ యూనివర్సిటీ తన పేరుకి ముందుండే 'ద' అనే ముక్క మీద 2022లో ట్రేడ్‌మార్క్ సంపాదించింది. టీ షర్టుల మీదా టోపీల మీదా ఆ ఒక్క ముక్క చప్పుడు వాళ్ల ఆస్తి. మిషిగన్‌తో మ్యాచ్ జరిగే వారం క్యాంపస్‌లో బోర్డుల మీదున్న 'ఎం' అక్షరాలన్నిటి మీదా ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు కొడతారు. మ్యూజియం అన్నా, మెడికల్ కాలేజీ అన్నా తల తెగాల్సిందే. ఒక విశ్వవిద్యాలయం ఏడాదికి ఒక వారం పాటు అక్షరమాలలో ఒక అక్షరాన్ని వెలివేస్తుంది. అలాంటి చోట, మిషిగన్ మీద ఓడిపోవడమనే నేరానికి శిక్షాస్మృతి వేరే రాయనక్కర్లేదు.

2023లో అక్కడి క్వార్టర్‌బ్యాక్ కైల్ మెకార్డ్. ఫిలడెల్ఫియాలో హైస్కూలు చదివిన కుర్రాడు. రెండేళ్లు సీ.జే. స్ట్రౌడ్ వెనక ఓపిగ్గా కూర్చుని, మూడో ఏడు కుర్చీ దక్కించుకున్నాడు. అలా ఎక్కడికీ పోకుండా కూర్చోవడాన్నే విధేయత అంటారని నేను వినున్నాను, కానీ దానికి మార్కులెవరూ వేసినట్టు లేదు. సెప్టెంబరులో నోటర్ డేమ్ మీద ఒక్క సెకను మిగిలుండగా 17-14తో గెలుపు. ఆ సీజన్లో 3,170 గజాలు, 24 టచ్‌డౌన్లు, ఆరంటే ఆరు ఇంటర్‌సెప్షన్లు. పదకొండు మ్యాచ్‌లాడి పదకొండూ గెలిచారు. మెకార్డ్ మహా ఆటగాడని నేనూ అనను. కాళ్లు కాస్త బరువు, ఒత్తిడి మీద పడితే కంగారు. కానీ పదకొండుకి పదకొండు!

ఆ ఆరు ఇంటర్‌సెప్షన్లలో రెండు ఒకే రోజు పడ్డాయి. రోజు మాత్రం తప్పుడు రోజు.

నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ వెళ్లిన శనివారం, నేను కొలంబస్ పక్కన డబ్లిన్‌లో మా అక్కావాళ్లింట్లో ఉన్నాను. బేస్‌మెంట్‌లో గోడంత టీవీ, అల్యూమినియం ట్రేలో బిర్యానీ, దాని మీద మూత సగం చుట్టి ఉంది. తెలుగువాళ్లు ఆరేడు కుటుంబాలు, అందరూ ఎర్ర చొక్కాల్లో. అక్కడే పుట్టిన పిల్లలు 'ఓ-హెచ్' అని అరిస్తే, గుడివాడలో పుట్టిన పెద్దలు 'ఐ-ఓ' అని బదులు అరుస్తున్నారు. మా బావ ఒంటి మీద ఆరో నంబరు జెర్సీ, మెకార్డ్ నంబరు. మిషిగన్ 30, ఓహయో స్టేట్ 24, గడియారంలో అర నిమిషం కూడా లేదు. మెకార్డ్ చెయ్యెత్తాడు, విసిరే క్షణంలోనే ఒకడొచ్చి మీద పడ్డాడు, బంతి దారి తప్పి మిషిగన్ ఆటగాడి గుండెల్లోకి వెళ్లింది.

బేస్‌మెంట్‌లో ఎవరూ మాట్లాడలేదు. మా బావ లేచి మేడ మీదికి వెళ్లాడు. బాధతో వెళ్లాడనుకున్నాను. తిరిగొచ్చేసరికి ఒంటి మీద మామూలు స్వెట్టరుంది. జెర్సీ విప్పేసి వచ్చాడు! ఆటగాడు కండువా మార్చడానికి ఇంకా తొమ్మిది రోజులుంది, అభిమాని మాత్రం పది నిమిషాల్లో మార్చేశాడు.

డిసెంబరు 4న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. అందులో పేరు చేరిస్తే వేరే కాలేజీలు పిలవొచ్చు. మొదటి రోజే మెకార్డ్ పేరు నమోదైంది. వచ్చే ఏడూ కుర్చీ నీదే అన్న మాట కోచ్ రాయన్ డే నోటి నుంచి రాలేదని పత్రికలు రాశాయి. పొమ్మనలేక పొగబెట్టడం తెలిసిన జాతికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

మా బావ ఆ రాత్రే ఫోన్ చేశాడు.

"చూశావురా? పారిపోయాడు. కష్టమొచ్చినప్పుడు నిలబడాలా వద్దా? ఈ కాలం పిల్లలకి విశ్వాసం లేదురా."

"పోయిన వారం వాడు పోతేనే బాగుపడతామన్నావు కదా బావా?"

"పోవాలి. అంటే, మనం తీసెయ్యాలి. వాడంతట వాడు పోతాడేంట్రా?"

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది, వెనక నుంచి మా అక్క అందుకుంది: "ఏమండీ, మీరు ఎమ్మెస్‌కి వచ్చి మొదటి సెమిస్టర్ అవగానే ఫీజు తక్కువని ఇంకో యూనివర్సిటీకి మారలేదూ? ఆ తర్వాత ఒక కంపెనీ మానేసిన రోజు మీ మేనేజర్ పెళ్లిరోజు పార్టీలో ఉన్నాడు పాపం, ఫోనైనా చెయ్యకుండా మెయిల్ పడేసి ఊరుకున్నారు." మా బావ హెచ్1బీ ఇప్పటికి మూడు కంపెనీల చేతులు మారింది. ప్రతిసారీ జీతం పెరిగింది. ప్రతిసారీ మా అమ్మ వాళ్లింటి ముందు టపాకాయలు ఒక్కటే తక్కువ. దాన్ని మేము ఎదుగుదల అంటాం. ఇరవై ఒక్క ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు ఒక్కసారి చేస్తే ద్రోహం.

మా బావొక్కణ్ణే అంటే పాపం తగులుతుంది. ఆ వారం ఓహయో అంతటా ఇదే మాట. మెకార్డ్ పోవాలి, కానీ వెళ్లకూడదు. తప్పుకోవాలి, కానీ తప్పించుకోకూడదు. అభిమాని కోరుకున్నది ఆటగాడు జట్టు వదలడం కాదు, బెంచీ చివర కూర్చుని, తల వంచుకుని, ఇంకో ఏడాది పాటు తన మీద పడే కేకలు వింటూ ఉండటం. ఆ భాగ్యాన్ని కాలదన్నుకుని వెళ్లాడు కాబట్టి ద్రోహి.

మెకార్డ్ వెళ్లాక డిసెంబరు 29న ఓహయో స్టేట్ మిస్సూరీతో కాటన్ బౌల్ అనే మ్యాచ్ ఆడింది. అతని బదులు ఎప్పట్నుంచో బంగారమనుకున్న డెవిన్ బ్రౌన్ దిగాడు. చీలమండ దెబ్బతిని బయటికొచ్చాడు. అతని బదులు ఇంకో పిల్లాడు లింకన్ కీన్‌హోల్జ్. మార్విన్ హారిసన్ జూనియర్ లాంటి మేటి ఆటగాడు కూడా ఆ రోజు దిగలేదన్నది నిజమే, అయినా ఫలితం చెప్పుకోక తప్పదు: మిస్సూరీ 14, ఓహయో స్టేట్ 3. మిషిగన్ మీద 24 పాయింట్లు తెచ్చినవాడు చాలడన్నచోట మూడు వచ్చాయి. బెంచీ బంగారం నిగ్గు తేలాలంటే బెంచీ మీంచి దిగాలి, దిగిందంటే అది బంగారం కాదు. అభిమానుల రసాయన శాస్త్రంలో ఇదొక మొండి సమస్య.

ఇప్పుడు డబ్బు గొడవ. ట్రాన్స్‌ఫర్ మాటెత్తగానే ముఖం అదోలా పెట్టి, డబ్బొచ్చి కాలేజీ ఆట చెడిందండీ అనేవాళ్లుంటారు. వీళ్ల ప్రకారం ఆట స్వచ్ఛంగా ఉన్న కాలం ఒకటుండేది. ఆ కాలంలో ఆటగాడు కాలేజీ మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలి. కోచ్ మారితే మర్నాటి నుంచే కొత్త ఊళ్లో కొత్త టోపీ పెట్టుకుని ఫొటో దిగొచ్చు. 2021 వసంతంలో గానీ ఎన్‌సీఏఏకి, అంటే కాలేజీ ఆటల పెత్తందారుకి, పిల్లలకి కూడా ఒక్కసారైనా ఆ వెసులుబాటు ఇవ్వొచ్చని తోచలేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023 నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. ఇక పని చెయ్యొద్దు మహాప్రభో అన్నందుకు అతనికి రావాల్సిన మొత్తం ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే. పని చెయ్యనందుకు అంత పుచ్చుకున్నవాడు వృత్తినిపుణుడు. పని చేసుకోవడానికి బస్సెక్కినవాడు ఆశపోతు.

పోర్టల్ వల్ల పిల్లల చదువులు దెబ్బతింటున్నాయని బాధపడే అభిమానుల్ని కూడా విన్నాను. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి బీరు గ్లాసు చేతిలో పట్టుకుని పరాయివాళ్ల పిల్లాడి క్రెడిట్ల గురించి అంత బెంగపడేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది. వాడు ఏ సబ్జెక్టు చదువుతున్నాడని మాత్రం అడక్కండి. నంబరు చెబుతారు, బరువు చెబుతారు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తుతాడో చెబుతారు.

మెకార్డ్ ఎక్కడికెళ్లాడంటే సిరక్యూస్‌కి. మంచు ఊరు, ఏళ్ల తరబడి ఏసీ కంపెనీ పేరు తగిలించుకుని ఏసీ లేకుండానే నడిచిన స్టేడియం. కొలంబస్ నవ్వుకుంది. 2024 అక్టోబరులో పిట్స్‌బర్గ్ మీద మెకార్డ్ ఐదు ఇంటర్‌సెప్షన్లు విసిరాడు. అందులో మూడింటిని ఎదుటివాళ్లు అటునుంచటే తీసుకెళ్లి టచ్‌డౌన్ చేశారు. 41-13. ఆ గురువారం రాత్రి ఓహయోలో జరిగింది పండగ. తమ జట్టు ఆడలేదు, తమ జట్టుకి ఒక్క పాయింటు రాలేదు, తమ ప్రత్యర్థి కూడా ఎవరూ ఓడలేదు. పక్క రాష్ట్రంలో తమకేమీ కాని ఒక కుర్రాడు తడబడ్డాడు, అంతే. చెప్పామా! అనుకున్నారు. ఆ కుర్రాడు మళ్లీ లేచి ఆడాడన్న సంగతి ఆ తర్వాతి నెల దాకా గమనించలేదు.

ఆ నెల నవంబరు. తేదీ 30. ఆ రోజు మధ్యాహ్నం కొలంబస్‌లో, లక్షా రెండు వేల పైచిలుకు పట్టే స్టేడియంలో, ఓహయో స్టేట్ మిషిగన్‌తో ఆడింది. ఈసారి మిషిగన్ అంతంతమాత్రం జట్టు, అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడింది. ఓహయో స్టేట్ ఇరవై పాయింట్లతో గెలుస్తుందని పందేలు. మిషిగన్ 13, ఓహయో స్టేట్ 10. గెలిచినవాళ్లు మైదానం మధ్య జెండా పాతబోతే తన్నులాట మొదలై, పోలీసులు కళ్లలో పెప్పర్ స్ప్రే కొట్టేదాకా వెళ్లింది. మెకార్డ్ లేడు కదా, మరి ఎవరిది తప్పు? వెంటనే దొరికాడు. కోచ్.

అదే రోజు సాయంత్రం సిరక్యూస్ మయామీతో ఆడింది. 21-0తో వెనకబడి, మెకార్డ్ విసిరిన 380 గజాల మీద 42-38తో గెలిచింది. ఆ ఓటమితో మయామీ తమ కాన్ఫరెన్స్ ఫైనల్ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆ సీజన్ ముగిసేసరికి మెకార్డ్ 4,779 గజాలు విసిరాడు. దేశంలో అందరికంటే ఎక్కువ, సిరక్యూస్, మయామీ ఆడే ఏసీసీ కాన్ఫరెన్స్ చరిత్రలోనే రికార్డు. అంతకుముందు అది డీషాన్ వాట్సన్ పేర ఉండేది. సిరక్యూస్‌కి పది గెలుపులు.

మా అక్క చెప్పింది, మయామీ మ్యాచ్ రాత్రి మా బావ అల్మరా అంతా గాలించాడట. "ఏమే, ఆ ఆరో నంబరు జెర్సీ ఎక్కడ పెట్టావు?" అని అడిగాడట. పాత బట్టలు తీసుకునే గుడ్‌విల్ వాళ్లకిచ్చేసి ఏడాదైంది.

అక్కడితో ఆగితే అభిమాని అభిమాని కాడు. డిసెంబరు మొదటివారమంతా కోచ్ డేని తక్షణం పీకెయ్యాలన్న కేకలే. మిషిగన్ మీద నాలుగోసారి వరసగా ఓడినవాడు ఇంకా ఊళ్లో ఎలా తిరుగుతున్నాడని. ఆ ఓటమికి సరిగ్గా 51 రోజుల తర్వాత, జనవరి 20న, అట్లాంటాలో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి ఓహయో స్టేట్ జాతీయ ఛాంపియన్ అయింది. ఫిబ్రవరిలో డేకి ఏడాదికి కోటీ పాతిక లక్షల డాలర్ల కొత్త ఒప్పందం రాసిచ్చారు. పీకెయ్యాలన్నవాళ్లు ఎక్కడికెళ్లారు? ఎక్కడికీ వెళ్లలేదు, ఊరేగింపులో ముందు వరసలో ఉన్నారు. మేం మొదట్నుంచీ నమ్మాం అంటున్నారు.

ఆ కప్పు గెలిచిన జట్టు సంగతి కూడా కాస్త చూడాలి. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్, కాన్సస్ స్టేట్ నుంచి ట్రాన్స్‌ఫర్. పరుగుల వీరుడు క్విన్‌షాన్ జడ్కిన్స్, ఓల్ మిస్ నుంచి ట్రాన్స్‌ఫర్. వెనక కోటగోడలా నిలబడ్డ కేలబ్ డౌన్స్, అలబామా నుంచి ట్రాన్స్‌ఫర్. ఆ ఏడాది జట్టు మీద ఆటగాళ్లకిచ్చిన డబ్బు రెండు కోట్ల డాలర్ల దాకా ఉంటుందని ఆ యూనివర్సిటీ క్రీడల పెద్దే ఒప్పుకున్నాడు. మెకార్డ్‌కి విశ్వాసం లేదన్న నోళ్లే హోవర్డ్‌ని గుండెల్లో పెట్టుకున్నాయి. సెమీఫైనల్లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ చేతిలో బంతిని ఊడబెరికి 83 గజాలు పరిగెత్తి మ్యాచ్ ముగించినవాడు జాక్ సాయర్. ఆ ఎవర్స్ కూడా ఒకప్పుడు ఓహయో స్టేట్ వదిలి వెళ్లినవాడే, అప్పట్లో సాయర్‌కి రూమ్మేటు. ఆ పరుగుని ద్రోహికి బుద్ధి చెప్పడంగా చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. చెప్పినవాడి పక్కన నిలబడి కప్పెత్తినవాళ్లలో ఎందరు ఎక్కడెక్కణ్ణుంచి వచ్చారో లెక్క వెయ్యడానికి ఆ కళ్లు సహకరించలేదు.

జో బర్రో కథ చెప్పకపోతే కొలంబస్‌కి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఓహయోలోనే పెరిగిన పిల్లాడు. ఓహయో స్టేట్‌లో మూడేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు, కుర్చీ దక్కక డిగ్రీ పట్టా తీసుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకి వెళ్లాడు. మరుసటి ఏడాది 60 టచ్‌డౌన్లు విసిరి, హైస్మన్ తీసుకుని, జాతీయ టైటిల్ గెలిచాడు. ఇప్పుడు కొలంబస్‌లో అడిగి చూడండి. మావాడు అంటారు, పట్టా మాదే అంటారు. వెళ్లి ఓడితే పారిపోయినవాడు, వెళ్లి గెలిస్తే మనం పంపించినవాడు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్న సామెత మనకుంది గానీ, దిగిన మల్లయ్య అవతలి ఒడ్డున పెద్దవాడైతే మళ్లీ ఓడ మల్లయ్య అయిపోతాడని చెప్పే సామెత మనవాళ్లు కనిపెట్టలేదు. కాలేజీ ఫుట్‌బాల్ చూడలేదు పాపం.

మెకార్డ్‌ని 2025లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆరో రౌండులో తీసుకున్నారు, హైస్కూలు చదివిన ఊరి జట్టు. రాట్లర్‌ని అంతకు ముందేడు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఐదో రౌండులో తీసుకున్నారు. డెవిన్ బ్రౌన్ కూడా కొలంబస్ వదిలి కాలిఫోర్నియా చేరాడు. అతను వెళ్లినప్పుడు పెద్దగా ఎవరూ తిట్టలేదు. తిట్టించుకోవాలన్నా కాస్త స్థాయి ఉండాలి, కనీసం పదకొండు మ్యాచ్‌లు గెలిచి ఉండాలి.

2025లో ఓహయో స్టేట్ పగ్గాలు జూలియన్ సేయిన్ చేతికొచ్చాయి. కాలిఫోర్నియా కుర్రాడు. మొదట అలబామాలో చేరాడు. అక్కడి కోచ్ నిక్ సేబన్ 2024 జనవరిలో రిటైరవగానే, చేరిన కొద్ది వారాలకే కొలంబస్ వచ్చేశాడు. అలబామా ఒక్క ఆట కూడా అతనితో ఆడించుకోలేదు. మా బావ దగ్గర ఇప్పుడు పదో నంబరు జెర్సీ ఉంది, బిల్లు జాగ్రత్తగా దాచుకున్నాడు. అలబామావాళ్లు ఎవరైనా ఆ పిల్లాణ్ణి విశ్వాసం లేనివాడని అంటే చాలు, బేస్‌మెంట్ దద్దరిల్లేలా లేస్తాడు: "పద్దెనిమిదేళ్ల పిల్లాడురా! వాడి బతుకు వాడు చూసుకోకూడదా? ఛీ, సంస్కారం లేని జనం."